నొప్పి విలువ నెరిగిన వైద్యుడు: పాల్ బ్రాండు

శరీరమునందలి అవయవములలో పాదములకున్నంత పని మరి దేనికిని లేదు. పాదములకు జరుగునంత ఉపేక్షయు మరి దేనికిని జరుగదు. దినమునకు పదిసార్లు అద్దములో ముఖము చూచుకొందుము. పాదమును మాత్రము ముల్లు గ్రుచ్చుకొన్ననాడో, క్రొత్తచెప్పు కరచిననాడో తప్ప తలంపునకు తెచ్చుకొనము. చెప్పు కరచుట యనునది మన తెలుగున ఎంతో అర్థవంతమైన మాట. బిగువైన బూటులో చిటికెనవ్రేలు నలిగినప్పుడును, ఎత్తుమడమల పాదరక్షలో వ్రేళ్ళు ముందునకు జారి ఒరసికొన్నప్పుడును ఆ కాటు మనకు తెలియును. తెలియగనే నడక మార్చుకొందుము, కాలు సవరించుకొందుము, ఓర్వలేనిచో చెప్పులు విడిచి చేతబట్టుకొని నడతుము. ఆ కాటు తెలియనివారి గతి యేమి? వారి పాదములు ఏమగును? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటలో తన జీవితమునందలి ఉత్తమభాగమును వినియోగించిన వైద్యుడొకడు కలడు.

ఆయన పేరు డాక్టర్ పాల్ విల్సన్ బ్రాండు. ఆంగ్లేయ దంపతుల బిడ్డ. పుట్టిన గడ్డనుబట్టి దక్షిణభారతీయుడు. ఆయన ఇరువది యేండ్ల కాలము సేవ చేసిన వెల్లూరు, చిత్తూరు సీమకు ఆనుకొనియున్న పట్టణము. అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రి తమిళులకు ఎంత ఆప్తమో, సరిహద్దునకు ఈవలనున్న తెలుగువారికిని అంత ఆప్తము. అందుచేత ఆయన కథ మనకు దూరపు కథ కాదు.

1914వ సంవత్సరము జులై 17వ తేదీన కొల్లిమలలో బ్రాండు జన్మించెను. ఈ కొండలు నేటి తమిళనాడులోని నామక్కల్ జిల్లాలో కలవు. తండ్రి జెస్సీ, తల్లి ఎవెలిన్. మతప్రచారమునకై వచ్చిన ఆ దంపతులు కొండజనుల నడుమ కాపురముండి, మందులిచ్చుట, పిల్లలకు చదువు చెప్పుట, ఇండ్లు కట్టుట, పంటలు పండించుట అను పనులన్నింటిని తమ చేతులతో చేసిరి. బాలుడు చెట్టుకొమ్మలపై కూర్చుండి పాఠములు వ్రాసికొనెను. కొండదారులలో వట్టికాళ్ళతో తిరిగెను. చెదపుట్టను త్రవ్వి చూపి అందలి వింతలను తండ్రి వివరించుచుండెను. ప్రకృతిని కన్నులు విప్పి చూచు అలవాటు ఆ బాలునకు అచ్చటనే అబ్బెను.

ఆ దినములలో జరిగిన ఒక సంఘటన ఆయన మనసున చిరకాలము నిలిచినది. ఒకనాడు ముగ్గురు కుష్ఠురోగులు ఆ యింటి ముంగిటికి వచ్చిరి. తల్లి పిల్లలను లోనికి పంపివేసెను. ఎట్టి రోగినైనను వట్టిచేతులతో తాకు తండ్రి, ఆనాడు మాత్రము చేతులకు తొడుగులు ధరించి, వారి పాదములపై పుండ్లు కడిగి కట్లు కట్టెను. లోపలినుండి తొంగిచూచిన బాలుని మనసున భయము నాటుకొనెను. ఆ భయమును జయించి, అట్టి పాదములనే తన ఒడిలో పెట్టుకొని పరీక్షించు దినము వచ్చునని అప్పుడెవరును ఊహింపలేదు.

1923లో, తొమ్మిదవ యేట, చదువునకై ఆయనను ఇంగ్లండులోని బంధువుల యింటికి పంపిరి. తల్లిదండ్రులు కొండలపైననే యుండిపోయిరి. 1929లో తండ్రి మలేరియా ముదిరి వచ్చు ఒక విషజ్వరముతో మరణించెను. మరణవార్త తంతిలో ముందుగా చేరినది. ఓడపై ప్రయాణము చేయుచున్న తండ్రి ఉత్తరములు మాత్రము ఆ వెనుక కొన్నాళ్ళవరకు ఒకదానివెంట నొకటి వచ్చుచునే యుండెను. లేని తండ్రి చేతివ్రాతను చదువుకొనుచు ఆ బాలుడు పెరిగెను. తల్లి భర్తృవియోగమునకు క్రుంగిపోక, కొండజనుల సేవలోనే జీవితము గడిపి, 1974లో 95వ యేట కన్నుమూసెను.

తండ్రివలె తానును కొండలలో పనిచేయవలెనని యువకుని కోరిక. అందుకు కావలసినది వైద్యము కాదు, గృహనిర్మాణవిద్య యని తలంచి, పదునారవ యేట పాఠశాల విడిచి వడ్రంగము, తాపీపని నేర్చుకొనుటకు చేరెను. కొయ్యను చిత్రికపట్టుట, రాతిని చెక్కుట, గోడను నిలువుగ లేపుట ఆయనకు చేతివిద్యలైనవి. కొన్ని యేండ్లు గడచినవి. మతప్రచారకులకు ప్రథమచికిత్స నేర్పు ఒక చిన్న తరగతిలో చేరినప్పుడు, రక్తము పోయి మరణమునకు చేరువైన ఒక యువతికి వైద్యులు రక్తమెక్కింపగా, ఆమె చెక్కిళ్ళకు రంగు వచ్చి కన్నులు తెరచుటను ఆయన చూచెను. ఆ రాత్రితో ఆయన మనసు వైద్యవిద్యపైకి మరలెను. నేర్చిన వడ్రంగము వ్యర్థమైనదని ఆనాడు ఎవరైనను అనుకొని యుందురు. కాని ఆయన తరువాత సాధించిన దానిలో సగము ఆ వడ్రంగి చేతులు సాధించినదే.

లండనులోని యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో ఆయన వైద్యము చదివెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. నగరముపై రాత్రింబవళ్ళు బాంబులు కురియుచుండగా, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చుచుండిరి. నలిగిన చేతులు, చితికిన పాదములు, తెగిన నరములు చూచి చూచి ఆయన శస్త్రవైద్యములో ఆరితేరెను. సహాధ్యాయిని మార్గరెట్ బెర్రీని 1943లో వివాహమాడెను. ఆమె తరువాత నేత్రవైద్యురాలిగా ప్రసిద్ధికెక్కి, భర్తతో సమముగా కుష్ఠురోగులకు సేవ చేసినది.

1946 చివర బ్రాండు వెల్లూరు చేరెను. అచ్చటి వైద్యశాల 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒక్క మంచముతో ఆరంభించినది. శస్త్రవైద్యము బోధించుటకై వచ్చిన బ్రాండును, కుష్ఠువ్యాధి నిపుణుడైన డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ చెంగల్పట్టులోని తన చికిత్సాలయమునకు ఆహ్వానించెను. అచ్చటి దృశ్యము ఆయన జీవితమును మలుపు త్రిప్పెను.

కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని నార్వే దేశీయుడైన హాన్సెన్ 1873లోనే కనుగొనెను. అది అంత సులభముగ అంటుకొను వ్యాధి కాదనియు వైద్యులకు తెలిసియే యుండెను. మన తెలంగాణములో నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నెలకొల్పిన చికిత్సాలయము అప్పటికే ఎందరికో ఆశ్రయమిచ్చినది. 1940 తరువాత క్రొత్త మందులు వచ్చి క్రిమిని అణచగలిగినవి. అయినను క్రిమి నశించిన రోగి వ్రేళ్ళు సైతము కురుచనగుచునే యుండెను. పాదములపై పుండ్లు మానకుండెను. వ్యాధివలన మాంసము దానంతట అదియే కుళ్ళి రాలిపోవునని లోకులు నమ్మిరి. వైద్యులలోను పలువురు అట్లే నమ్మిరి. అట్టిచో వైద్యుడు చేయగలిగినది ఏమున్నది?

చెంగల్పట్టులో బ్రాండు ఒక రోగి చేతిని పరీక్షించుచు, తన చేతిని గట్టిగ పట్టుకొమ్మని కోరెను. వంకరలు తిరిగిన ఆ చేయి ఇనుపపట్టుతో బిగిసెను. వైద్యునకు నొప్పి కలిగెను. ఆ నొప్పిలోనే ఆయనకు రెండు సత్యములు స్ఫురించినవి. మొదటిది, ఆ చేతిలోని కొన్ని కండరములు చచ్చినను, మిగిలినవి సంపూర్ణ బలముతో నున్నవి. రెండవది, తన పట్టు ఎదుటివానిని బాధించుచున్నదని ఆ రోగికి తెలియదు. మొదటి సత్యమునుండి కొత్త శస్త్రచికిత్స పుట్టినది. 1948నుండి ఆయన బలముగల కండరపు స్నాయువును తీసి, చచ్చిన కండరము చేయవలసిన పనికి ముడివేసి, మూసికొనిపోయిన చేతులను తెరపింపసాగెను. రెండవ సత్యమునుండి పుట్టినది అంతకంటె గొప్పది. అదియే పాదముల కథ.

చేతులు బాగైనవారిని ఊరివారు పనిలో పెట్టుకొనలేదు. వారికై వెల్లూరు కళాశాల ఆవరణమునందే మట్టిగోడల పాకలతో నవజీవన కేంద్రము వెలసెను. బ్రాండు తాను నేర్చిన వడ్రంగమును వారికి నేర్పెను. వారితో కలిసి పనిచేయునప్పుడు ఆయన గమనించిన సంగతులు విస్మయము కలిగించునవి. ఒకనాడు తుప్పుపట్టిన తాళము తిరుగక బ్రాండు విసిగియుండగా, ఒక బాలుడు ముందుకు వచ్చి తాళపుచెవిని అవలీలగ త్రిప్పెను. చూడగా వాని వ్రేలు ఎముకవరకు తెగి రక్తము కారుచున్నది. వానికి బలము ఎక్కువై కాదు. ఆపుమని చెప్పు నొప్పి లేక. రాత్రి సంపూర్ణమైన వ్రేలితో పండుకొన్న వాడు తెల్లవారుసరికి వ్రేలికొన పోగొట్టుకొనుట మరియొక వింత. కాపలా కాయగా తెలిసినదేమన, నిద్రలో ఎలుకలు కొరికినను వానికి తెలియలేదు. అది మొదలు ప్రతి పాకలోను పిల్లిని పెంచుట నియమమైనది.

ఇట్లు ఒక్కొక్క గాయమునకు కారణము వెదకగా వెదకగా, ఒక్క గాయమైనను దానంతట అది పుట్టినది కాదని తేలెను. వ్రేళ్ళను తినునది వ్యాధి కాదు. వ్యాధి నరములను చంపి నొప్పిని తీసికొనిపోవును. పిమ్మట నిప్పు, సుత్తి, ఎలుక, చెప్పు తమ పని తాము చేసికొనిపోవును. పాదరక్షలో దూరిన గులకరాతిని మన వేమన ఓర్వరాని బాధలలో నొకటిగ లెక్కించెను. ఆ రాయి బాధింపకుండుటయే అసలైన ఆపద యని బ్రాండు లోకమునకు చూపెను.

చేతిని కన్నులతో కనిపెట్టవచ్చును. చెప్పులో దాగిన పాదమును కనిపెట్టుట యెట్లు? పుండుపడిన పాదమునకు సుద్దకట్టు వేసి కదలకుండ నుంచినచో, నెలల తరబడి మానని పుండు సైతము మానుచుండెను. రోగి సంతోషముతో ఇంటికి నడచిపోవుచుండెను. కొలది దినములలో ఆ పుండుతోనే తిరిగి వచ్చుచుండెను. విశ్రాంతిలో మానినది నడకలో తిరిగి పుట్టుచున్నదనగా, దోషము నడకలోను పాదరక్షలోను కలదన్నమాట. అప్పుడు శస్త్రవైద్యుడు చెప్పులుకుట్టువానికి శిష్యుడయ్యెను. కొయ్య, మైనము, తోలు, ప్లాస్టిక్కు, రబ్బరు ఇత్యాదులను ఒకదానివెంట నొకటి పరీక్షించెను. వడ్రంగి కొలతలు, శస్త్రవైద్యుని అస్థిజ్ఞానము ఒక్కచోట కలిసినవి.

కడకు వారు ఎన్నుకొన్నది సూక్ష్మరంధ్రముల రబ్బరు. అందు గాలి నిండిన సన్నని గదులు లెక్కకు మిక్కిలిగ నుండును. మెత్తనిదైనను అది అణగిపోక, పాదపు బరువును అడుగంతట పంచును. ముండ్లు, గాజుపెంకులు దూరకుండ దాని క్రింద గట్టి రబ్బరు అడుగు వేయుదురు. మేకు లోనికి పొడుచుకొని వచ్చిన రోగికి తెలియదు గనుక మేకులు కొట్టరు. జిగురుతో అతికింతురు, దారముతో కుట్టుదురు. స్పర్శ లేని కాలినుండి చెప్పు జారిపోవును గనుక మడమ వెనుక పట్టీ నుంచుదురు. వ్రేళ్ళపై ఒరయు కుట్టు గాని, వ్రేళ్ళ నడుమ బిగియు పట్టీ గాని లేకుండ చూతురు. చూచుటకు సామాన్యమైన చెప్పు. కాని దాని ప్రతి అంగుళము వెనుకను ఒక పుండు నేర్పిన పాఠము కలదు. వెల్లూరు చెంతనే కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధనాలయము నెలకొన్న పిదప ఈ కృషి మరింత విస్తరించెను.

1953 ప్రాంతమున జరిగిన ఒక రాత్రి ముచ్చట చెప్పక తప్పదు. అమెరికా పర్యటన ముగించి, ఓడపై ఇంగ్లండు చేరి, జ్వరముతోనే సుదీర్ఘమైన రైలుప్రయాణము చేసి బ్రాండు లండనులో ఒక గదికి చేరెను. బూట్లు, మేజోళ్ళు విప్పి చూచుకొనగా ఒక మడమలో స్పర్శ లేదు. గుండె ఝల్లుమనెను. సూదితో గ్రుచ్చుకొనెను; నొప్పి లేదు. మరింత లోతుగ గ్రుచ్చుకొనెను; రక్తము చిందినది గాని నొప్పి మాత్రము లేదు. ఇన్నాళ్ళు తాకిన వ్యాధి తననే తాకినదని నిశ్చయించుకొని, భార్యాబిడ్డలకు దూరముగ బ్రతుకవలసిన దినములను తలచుకొనుచు ఆ రాత్రి కన్నుమూయలేదు. తెల్లవారి మరల సూది గ్రుచ్చుకొనగా బాధతో కేక వేసెను. అంతకంటె తియ్యని అనుభవము తన జన్మలో లేదని ఆయన తలంచెను. రైలులో కదలక కూర్చుండుటచే ఒక నరము అణగి తిమ్మిరెక్కినది, అంతియే. ఒక్క రాత్రి నొప్పి లేని పాదముతో గడిపిన ఆ వైద్యునకు, జీవితాంతము అట్లు గడపువారి దుఃఖము స్వానుభవమైనది.

వెల్లూరులో ఆయన కృషికి దేశదేశముల గుర్తింపు లభించెను. 1960లో లాస్కర్ పురస్కారము, 1961లో బ్రిటిష్ ప్రభుత్వ గౌరవము ఆయనను వరించినవి. 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కార్విల్లు ప్రభుత్వ కుష్ఠు చికిత్సాలయమునకు వెడలి, అచ్చట ఇరువది యేండ్లు పరిశోధన సాగించెను. చెప్పు పాదమును ఎట్లు గాయపరచును అను ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము అచ్చట పరిపూర్ణమైనది.

పాదమునకు హాని మూడు విధములుగ కలుగును. గాజుపెంకో మేకో దిగి ఒక్కసారిగ కోయుట మొదటి విధము. రెండవది, స్వల్పమైన ఒత్తిడి గంటల తరబడి ఎడతెగక నిలుచుట. మీ చేతిగోటిని అదిమి చూడుడు: అచ్చట తెల్లబడును. అనగా రక్తము తొలగిపోయినది. బిగువైన బూటులో చిటికెనవ్రేలి ప్రక్కన జరుగునదియు అదియే. కొలది నిమిషములైనచో ముప్పు లేదు. దినమంతయు విడువకున్నచో రక్తమందని చర్మము చచ్చి పుండగును. మూడవది అన్నింటికంటె మోసకరమైనది. ఒక్కమారు తగిలినచో ఏ హానియు చేయని చిన్న తాకిడి, అదే తావున వేలమార్లు తగులుట. కార్విల్లులో ఎలుకల అరికాళ్ళపై యంత్రముతో మెల్లమెల్లగ తట్టి పరీక్షింపగా, మొదట ఎరుపు, వేడి, వాపు కలిగి, మాననీయక మరునాడును తట్టినచో అచ్చటనే పుండుపడెను. నడుమ విశ్రాంతి లభించిన పాదమో, చర్మము దళసరియై తన్ను తాను రక్షించుకొనెను.

ఆరోగ్యవంతుడు ఎంత దూరము నడచినను పుండుపడకుండుటకు హేతువు ఇందు కలదు. అలసిన తావున నొప్పి పొడసూపగనే, మనకు తెలియకయే బరువును మడమనుండి ముంగాలికి, లోపలి అంచునుండి వెలుపలి అంచునకు మార్చుచుందుము. నొప్పి లేనివాడు మొదటి అడుగు ఎట్లు వేసెనో వేయవ అడుగును అట్లే వేయును. ఒరసికొను తావులను ముందుగ కనిపెట్టుటకై కార్విల్లువారు ఒక మేజోడును సిద్ధపరచిరి. రంగు నింపిన అతిసూక్ష్మమైన గుళికలు అందుండును. ఒత్తిడి ఎక్కువైన తావున అవి చిట్లి రంగు విడుచును. నోరులేని పాదము ఆ రంగుద్వారా తన బాధ చెప్పుకొనును. వేడిని కొలిచి వాపును పసికట్టు పద్ధతిని సైతము వారు అనుసరించిరి. మధుమేహముచే స్పర్శ కోల్పోయిన పాదములకు ఈ జ్ఞానమంతయు అన్వయించునని బ్రాండు గ్రహించి, ఆ రోగుల పాదములను కోతనుండి కాపాడు మార్గము చూపెను.

ఈ పరిశోధన స్పర్శ కలిగిన మనకును బోధించునది కలదు. ఎత్తుమడమల పాదరక్షను తీసికొందము. మడమ పైకి లేచినకొలది దేహభారము ముంగాలిపైకి జారును. వాలుపై నిలిచిన పాదము ముందునకు జారి, మొనదేలిన కొనలో ఐదు వ్రేళ్ళును ఇరుకుకొనును. అంతట హాని రెండు విధముల కలుగును: ఇరుకువలన ఎడతెగని ఒత్తిడి, అడుగడుగున ఒరపిడి. మొదట ఎరుపు, పిదప పొక్కు, ఏండ్లు గడచినచో ఆనెకాయలు, వంగిన వ్రేళ్ళు, ప్రక్కకు ఒరగిన బొటనవ్రేలు. ఒక్కొక్క పాదమునందు 26 ఎముకలు కలవు. అలంకారమునకై వాని పొందికను చెరచుకొనుట తగదు.

వేడుకకై అట్టివి ధరింపవలసి వచ్చినచో, బ్రాండు వెల్లూరులో రోగులకు కూర్చిన చెప్పులోని నీతియే ఇచ్చటను వర్తించును. పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. కొన మొనదేలి యుండరాదు, వ్రేళ్ళు కదలవలెను. చీలమండ వద్దనో పాదము మీదనో పట్టీ యున్నచో పాదము ముందునకు జారదు. మడమ తక్కువ ఎత్తుగను, వెడల్పుగను ఉండుట మేలు. పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక ఆ వేళ నిలుచుండి కొలుచుకొని కొనవలెను. రెండు పాదములును సమముగ నుండవు గనుక పెద్దదానికి సరిపోవునది ఎన్నుకొనవలెను. ముంగాలి క్రింద మెత్తని పొర, ఒరయు తావున పలుచని పట్టీ కొంత ఉపశమనమిచ్చును. కాని ఇరుకైన బూటులో పొర చేర్చినచో ఇరుకు హెచ్చును. క్రొత్తదానిని మొదటినాడే దినమంతయు ధరింపరాదు. విప్పిన పిదప పాదమును చూచుకొనవలెను: ఎరుపు కొంతసేపటికి పోనిచో ఆ చెప్పు ఆ కాలికి తగినది కాదు. ఆనెకాయను బ్లేడుతో కోసికొనుట, మధుమేహము కలవారికి మరియు ప్రమాదకరము. అన్నింటికి మించి, నొప్పి పుట్టినప్పుడు దానిని దిగమింగి చిరునవ్వుతో నడచుట, కావలివాని నోరు మూయించి తలుపులు తెరచి పండుకొనుట వంటిది.

ఎందరో పొందగోరని నొప్పిని బ్రాండు వరముగ భావించెను. ఆ భావమునే వివరించుచు, ఫిలిప్ యాన్సీతో కలిసి వ్రాసిన గ్రంథమును 1993లో ప్రకటించెను. నొప్పి లేని రోగులకు కృత్రిమముగ నొప్పిని కల్పింపవలెనని ఆయన బృందము పెక్కేండ్లు యత్నించినది. ఒత్తిడి మించినచో హెచ్చరించు పరికరములను చేతొడుగులలోను, బూట్లలోను అమర్చిరి. ధ్వనిచే, దీపముచే హెచ్చరించినను రోగులు లక్ష్యపెట్టలేదు. విద్యుద్ఘాతముచే హెచ్చరింపగా, చేయదలచిన పని చేయుటకై దాని మీట ఆపివేసిరి. ప్రకృతి యిచ్చిన నొప్పికి మీట లేదు. అందే దాని గొప్పతనము కలదని ఆయన గ్రహించెను. ఆ యత్నము విఫలమైనను, ఆ వైఫల్యము నేర్పిన పాఠము మాత్రము చిన్నది కాదు.

1986లో కార్విల్లు ఉద్యోగమునుండి విరమించిన పిదప ఆయన వాషింగ్టన్ రాష్ట్రమున సియాటిల్ నగరములో నివసించెను. 2003 జులై 8వ తేదీన అచ్చటనే, 89వ యేడు నిండుటకు కొలదిదినములు ముందుగ పరమపదించెను.

ఆయన పోయినను ఆయన చెప్పు నడచుచునే యున్నది. సూక్ష్మరంధ్రముల రబ్బరు చెప్పులను జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమము క్రింద స్పర్శ కోల్పోయిన రోగులకు నేడును పంచుచున్నారు. మధుమేహ రోగులకును వైద్యులు వానిని సూచించుచున్నారు. ఇక మన సీమనే తీసికొందము. 2016లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. మహబూబాబాద్ మిరపచేలలో కూలికి పోవు స్త్రీ పాదము పలుచని రబ్బరు చెప్పుతోనో, అదియు లేకయో మొరపగడ్డలపై నడచును. భూపాలపల్లి బొగ్గుగనిలో దిగు కార్మికుని పాదము పనివేళ యంతయు గట్టి బూటులో బందీయై యుండును. జనగామలో పెండ్లివేడుకకు పోవు విద్యార్థిని పాదము ఎత్తుమడమల చెప్పులో నిగ్గు దేలుచునే నలుగును. మూడు బ్రతుకులు వేరు; మూడు చెప్పులు వేరు. పాదము మాత్రము ఒక్కటియే, దానికి తెలిసిన భాషయు ఒక్కటియే.

బడిలో పిల్లవాడు కుంటుచు వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు వాని చెప్పు విప్పించి పాదము చూడవలెను. పెరుగుచున్న కాలికి నిరుటి బూటు ఇరుకైనదేమో, మేకు తేలినదేమో, పొక్కు పుండగుచున్నదేమో అప్పుడు తెలియును. చర్మముపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడినచో, దాచక, వెరవక, ప్రభుత్వ వైద్యుని వద్దకు పంపవలెను. కుష్ఠువ్యాధికి నేడు సంపూర్ణమైన మందు కలదు. ఆరంభముననే కనిపెట్టినచో ఒక్క వ్రేలైనను పోవలసిన అగత్యము లేదు. ముంగిట నిలిచిన మూడు జతల పాదములను చూచి భయపడిన కొల్లిమల బాలుడు, పెరిగి పెద్దవాడై లోకమునకు నేర్పినది ఇదియే: పాదము నొచ్చినప్పుడు దాని మాట వినుడు, నొవ్వనేరని పాదమునకు మీ కన్నులను కావలి యుంచుడు.